అనధికార స్నేహం

"ఈ క్షణం నుంచి మనకూ, మన పొరుగు ప్రాంతానికీ మధ్య ఉన్న అడ్డుగోడలన్నీ కూలిపోయినట్టే!" అని పొరుగు సంబంధాల శాఖామాత్యులు బల్ల గుద్ది ప్రకటించినప్పుడు, సమాచార భవనం రెండో అంతస్తులో మొదటి చప్పట్లు కొట్టింది నేనే. అది నా అభిమానం. ఉద్యోగం కూడా. ప్రెస్ నోట్లు రాసే గుమస్తాను కాబట్టి మంత్రిగారు ఎక్కడ ఊపిరి తీసుకుంటారో నాకు ముందే తెలుసు.

ముందు వరసలో కూర్చున్న విలేకరి ఒకాయన లేచి నిలబడ్డాడు.

"సార్, రెండు ప్రాంతాల మధ్య ఉన్నది ఏరు కదా. గోడ ఎప్పుడూ లేదే!"

మంత్రిగారు చిరునవ్వు నవ్వారు. "చూశారా! ఇంకా పనే మొదలుపెట్టలేదు, అప్పుడే ఫలితాలు!"

ఈసారి చప్పట్లు నేను మొదలుపెట్టనక్కరలేకపోయింది.

మా మంత్రిగారి గురించి పాఠకులకు రెండు మాటలు చెప్పాలి. ఆయన శాఖ పుట్టి నాలుగేళ్లయింది. ఆ నాలుగేళ్లలో పొరుగువాళ్లతో మనకు ఒక్క పేచీ రాలేదు. సంబంధాలు మరీ అంత బాగుంటే సంబంధాల శాఖకు పనేం ఉంటుంది? పాపం ఆయన పదింటికి వచ్చి, గోడకున్న పటం వైపు చూసి, ఐదింటికి నిట్టూర్చి వెళ్లిపోయేవారు. ఆ స్థానంలో ఇంకొకరుంటే ఏదో ఒక తగువు పెట్టుకుని పని కల్పించుకునేవారు. మా మంత్రిగారు పెద్దమనిషి. తగువు జోలికి పోకుండా స్నేహమే పెట్టుకున్నారు. దానికి 'రాజకీయ, ఆర్థిక, సాంస్కృతిక భాగస్వామ్యం' అని పేరు పెట్టారు. ఆ మూడు మాటలూ అదే వరసలో రావాలనీ, వరస తప్పితే ప్రెస్ నోట్ వెనక్కి కొడతాననీ నాతో స్వయంగా అన్నారు. నాలుగేళ్లలో ఆయన నాతో స్వయంగా మాట్లాడటం అదే మొదటిసారి. ఆ సంగతి ఇంటికెళ్లి అమ్మకు కూడా చెప్పాను.

నేనూ అమ్మా ఏటికి ఈ గట్టున ఉంటాం. మా అక్కా బావా ఆ గట్టున ఉంటారు. బావ బల్లకట్టు నడుపుతాడు. ఈ గట్టు నుంచి ఆ గట్టుకు కట్టిన లావుపాటి తాడు పట్టుకుని, పీపాల మీద పరిచిన చెక్కల్ని లాక్కుంటూ రోజుకు పాతికసార్లు అటూ ఇటూ తిరుగుతాడు. అక్క అక్కడి బేకరీలో పనిచేస్తుంది. పొద్దున్నే వేడివేడి రొట్టెల తట్టతో మొదటి విడతలో ఇటు వస్తుంది. రొట్టెలు మా వీధి దుకాణాల్లో వేసి, ఇంటికొచ్చి, అమ్మకు తల దువ్వి, మోకాళ్లకు మందు రాసి, ఇల్లు ఇలా పెట్టుకున్నందుకు నన్ను నాలుగు తిట్టి, ఇక్కడి పాల క్యాన్లతో పాటు తిరిగి వెళ్లిపోతుంది. అమ్మకు చెవులు దాదాపు వినబడవు. అక్క పెదాల కదలిక మాత్రం ఆవిడకు కంఠతా వచ్చు. లోకంలో ఏం జరుగుతోందో ఆవిడకు అక్క నోటి నుంచే తెలుస్తుంది. మంత్రిగారు నాతో మాట్లాడిన సంగతి కూడా మర్నాడు అక్క చెప్పాకే ఆవిడకు అర్థమైంది. "ఏమన్నాడట?" అని అడిగింది. వరస తప్పొద్దన్నారని అక్క చెప్పింది. "మంచిమాటే" అంది అమ్మ.

భాగస్వామ్యానికి మొదటి మెట్టు సర్వే. శాఖ కార్యదర్శి గారు గొడుగు పట్టే బంట్రోతునూ, రాసుకోవడానికి నన్నూ వెంటబెట్టుకుని ఏటి గట్టుకు వచ్చారు. ఒడ్డున కుర్చీ వేయించుకుని బావను పిలిపించారు. బావ నన్ను చూసి పలకరించబోయాడు. నేను కాగితాల్లోకి చూశాను. విధి నిర్వహణలో బంధుత్వాలుండవు.

"ఎన్నేళ్ల నుంచి నడుపుతున్నావు?"

"మా నాన్న పోయినప్పటి నుంచి సార్. పద్దెనిమిదేళ్లు."

"దేని ఆధారంగా నడుపుతున్నావు?"

"తాడు ఆధారంగా సార్."

కార్యదర్శి గారు నా వైపు చూశారు. నేను ఏటి వైపు చూశాను.

"అది కాదయ్యా. ఏ ఒప్పందం కింద నడుపుతున్నావని?"

"ఒప్పందమేం లేదు సార్. ఎక్కుతారు, దిగుతారు."

"అవతలి ప్రభుత్వానికి ఈ సంగతి తెలుసా?"

"తెలియకేం సార్! వాళ్ల పోలీసు అధికారి గారికి పన్ను సలుపుతుంటే మన డాక్టరు దగ్గరికి తీసుకొచ్చింది నేనే."

కార్యదర్శి గారు కుర్చీలో ముందుకు జరిగారు. "అంటే వాళ్ల అధికారి నోరు మన డాక్టరు చూశాడా? లోపలిదాకా?"

"చూడకుండా పన్ను ఎట్లా పీకుతాడు సార్?"

కార్యదర్శి గారు ఆ జవాబు కింద రెండు గీతలు గీయించారు.

మూడు రోజులు లెక్క పెట్టాం. రోజుకు సగటున రెండు వందల పద్నాలుగు మంది, ముప్పై ఎనిమిది సైకిళ్లు, అరవై పాల క్యాన్లు, తొమ్మిది తట్టల రొట్టెలు, వయొలిన్ పెట్టెతో ఒక సంగీతం మాస్టారు, పంతొమ్మిదిమంది బడిపిల్లలు. అంతమందిలో ఒక్కరి దగ్గరా ఒక్క కాగితం లేదు. కార్యదర్శి గారు రిపోర్టులో ఒకే వాక్యం రాయించారు: 'రెండు ప్రాంతాల మధ్య పెద్ద ఎత్తున అనధికార స్నేహం సాగుతున్నది.'

రిపోర్టు చదివి మంత్రిగారు కళ్లజోడు తీశారు.

"ఎప్పటి నుంచి?"

"తాతల నాటి నుంచి సార్" అన్నారు కార్యదర్శి గారు.

"నాకు తెలియకుండానా?"

మంత్రిగారి బాధ మాకందరికీ అర్థమైంది. నాలుగేళ్లుగా ఆయన పటం వైపు చూస్తూ కూర్చుంటే, అవతల జనం ఆయన శాఖ పనిని పీపాల మీద కానిచ్చేస్తున్నారు.

"సరే. ఒప్పందం అయ్యాక రోజుకు ఎంతమంది దాటితే ప్రగతి అంటారు?" అని అడిగారు మంత్రిగారు.

"రెండు వందల పద్నాలుగు కంటే ఎక్కువ మంది దాటాలి సార్."

"దాటే పని ఉన్నవాళ్లంతా ఇప్పటికే దాటుతున్నారు కదయ్యా! కొత్తవాళ్లను ఎక్కణ్ణించి తేవాలి?"

కార్యదర్శి గారు గొంతు సవరించుకున్నారు. ఆయన ఆ కుర్చీలోకి ఊరికే రాలేదని నాకు ఆ రోజు తెలిసింది. "పై అంకె పెంచడం కష్టం సార్. కింది అంకె తగ్గించడం సులువు. ఒప్పందం కుదిరేదాకా బల్లకట్టు ఆపేద్దాం. అప్పుడు సున్నాతో మొదలవుతాం. ఆ పైన ఒక్క మనిషి దాటినా అది మీ చలవే."

మంత్రిగారు లేచి వచ్చి ఆయన భుజం తట్టారు.

ప్రెస్ నోట్ నేను రాశాను. 'భాగస్వామ్యానికి అనువైన వాతావరణం కల్పించే నిమిత్తం రాకపోకలను తాత్కాలికంగా నిలిపివేయడమైనది.' మర్నాటి నుంచి తాడుకు ఈ కొసన ఇద్దరు, ఆ కొసన ఇద్దరు పోలీసులు కూర్చున్నారు. అవతలి ప్రభుత్వం కూడా సహకరించింది. రెండు ప్రభుత్వాలూ కలిసి చేసిన తొలి పని అదేనని మరో ప్రెస్ నోట్ ఇచ్చాం.

అక్క ఫోన్ చేసింది.

"ఒరేయ్, తట్ట దింపించేశార్రా. ఎన్నాళ్లట?"

"తాత్కాలికమే అక్కా."

"తాత్కాలికమంటే ఎన్ని రోజులు?"

"అది ప్రెస్ నోట్‌లో లేదక్కా."

"రాసింది నువ్వేగా!"

"రాయడం వరకే అక్కా నేను."

"అమ్మకు తల ఎవరు దువ్వుతారు?" అంది.

"నేను దువ్వుతాలే."

"చిక్కు తీసేటప్పుడు కింది నుంచి తియ్యి. పైనుంచి బరబరా లాగావంటే ఊరుకోను" అని పెట్టేసింది.

అమ్మ రోజూ పొద్దున్నే గుమ్మంలో పీట వేసుకుని కూర్చునేది. నేను వెనక చేరి దువ్వుతుంటే, "అది రాలేదేంరా?" అనేది. నేను ముందుకు వచ్చి నోరంతా తెరిచి, "భాగస్వామ్యం అమ్మా, భాగస్వామ్యం!" అని అరిచేవాణ్ణి.

"బాగా సుస్తీయా?" అని అమ్మ కంగారు పడింది. "ఎవరికిరా? దానికేనా? డాక్టరుకు చూపించారా?"

ఒకటికి పదిసార్లు చెప్పాను. ప్రతిసారీ సుస్తీ ఇంకొంచెం ముదిరినట్టు ఆవిడకు వినబడింది. చివరికి కాగితం మీద రాసి చూపించాను. కళ్లజోడు పెట్టుకుని మూడు మాటలూ వరసగా చదివింది. "ఇది ఎన్నాళ్లకు తగ్గుతుందట?" అని అడిగింది.

చర్చలు రెండు ప్రాంతాలకూ చెందని ఒక కొండ మీది హోటల్లో జరిగాయి. ఏరు దాటితే అరగంటలో కలుసుకోగల పెద్దలు, రాకపోకలు నిలిపేశారు కాబట్టి, చుట్టూ తిరిగి రెండు రోజులు రైల్లో వెళ్లారు. జంక్షన్‌లో అవతలి ప్రతినిధి వర్గం కూడా మా రైలే ఎక్కింది. అధికారికంగా ఇంకా పరిచయం కాలేదు కనుక ఎవరూ ఎవర్నీ చూడలేదు.

నన్ను ఎందుకు తీసుకెళ్లారంటే, ఒప్పందాల నియమావళి నాలుగో పేజీలో 'అనువాదకుడి పేరు' అని ఒక గడి ఉంది. అది ఖాళీగా వదిలితే ఒప్పందం చెల్లదు. రెండు గట్లా మాట్లాడేది ఒకే భాష కావచ్చని నియమావళి రాసిన మహానుభావులు ఊహించలేదు. కార్యదర్శి గారు ఆ గడిలో నా పేరు రాశారు.

మా మంత్రిగారు "నమస్కారం" అన్నారు.

అవతలి మంత్రిగారు నా వైపు చూశారు.

"నమస్కారం అంటున్నారు" అని అనువదించాను.

"ఓహో!" అని ఆయన తేలికపడ్డారు. "మేము కూడా నమస్కారం అన్నామని చెప్పండి."

"వారు కూడా నమస్కారమే అంటున్నారు సార్."

"శుభారంభం" అన్నారు మా మంత్రిగారు. దాన్నీ అనువదించాను.

కాఫీల దగ్గర మా మంత్రిగారు కార్యదర్శి గారి చెవిలో, "ఆయన జుట్టు సొంతమేనంటావా?" అని అడిగారు. ఆ మాట బల్ల చుట్టూ అందరికీ వినబడింది. అవతలి మంత్రిగారు తల సర్దుకుని, మర్యాద కొద్దీ నా కోసం ఆగారు.

"మీ ఆరోగ్యం ఎలా ఉందంటున్నారు సార్."

"సొంతదేనని చెప్పండి" అన్నారు ఆయన.

రాజకీయ భాగస్వామ్యం గంటలో తేలిపోయింది. మా ఎన్నికల నెలలో మా కుళాయిలు ఎండిపోవడానికి కారణం పొరుగువాళ్లని మేం చెప్పుకోవచ్చు. వాళ్ల ఎన్నికల నెలలో వాళ్ల రోడ్లు పాడవడానికి కారణం మేమని వాళ్లు చెప్పుకోవచ్చు. తిట్లు మాత్రం వారం ముందుగా రాతపూర్వకంగా పంపాలి.

ఆర్థిక భాగస్వామ్యం భోజనాల వేళకు తేలింది. ఇకమీదట రొట్టెలూ పాలూ ఎవరు పడితే వాళ్లు మోయకూడదు. దానికి ఒక ఉమ్మడి సంస్థ ఉంటుంది. ఏటి ఆ గట్టున కాల్చిన రొట్టె వాళ్ల రాజధానికి వెళ్లి, అక్కడ ముద్ర వేయించుకుని, మా రాజధానికి వచ్చి, ఇక్కడ ముద్ర వేయించుకుని, ఆరో రోజుకు ఈ గట్టుకు చేరుతుంది.

"ఆరు రోజులకు రొట్టె గట్టిపడదా?" అని మా మంత్రిగారు అడిగారు.

"గట్టిపడుతుంది. బంధం కూడా అంతే" అన్నారు అవతలి మంత్రిగారు. అది అనువదిస్తూ నేను కూడా కొంచెం చలించాను.

సాంస్కృతిక భాగస్వామ్యం దగ్గర చిక్కొచ్చింది. ఒకరి పాటలు ఒకరికి వినిపించుకుందామని అనుకున్నారు. మా మంత్రిగారు కళ్లు మూసుకుని, చిన్నప్పుడు వాళ్లమ్మ పాడిన జోలపాట ఎత్తుకున్నారు. రెండో చరణం దగ్గర అవతలి మంత్రిగారు గొంతు కలిపారు. మూడో చరణానికి ఇద్దరి కళ్లల్లోనూ నీళ్లు తిరిగాయి. ఒక్క నిమిషం ఆ గదిలో నిజంగానే ఏదో జరగబోతోందనిపించింది.

అప్పుడు మా కార్యదర్శి గారు లేచారు. "సార్, మన పాట వాళ్లకు తెలుసు!"

"మా పాట మీకెలా వచ్చింది?" అన్నారు అవతలి కార్యదర్శి గారు, అంతే గట్టిగా.

విచారించగా రెండు గట్లా అన్ని పాటలూ ఒకటేనని తేలింది. గంటన్నర వాదించుకుని చెరి సగం పంచుకున్నారు. జోలపాటలు వాళ్లకు పోయాయి. పెళ్లిపాటలు మాకు వచ్చాయి. ఎటూ తేలని పాటలకు ఒక ఉపసంఘం వేశారు. మా అమ్మ నన్ను నిద్రపుచ్చిన పాట అవతలి ప్రాంతపు ఆస్తి అయిపోయిందని రాసుకుంటూ ఉండగా, నాకు తెలియకుండానే నోరు జారింది.

"మరి బల్లకట్టు?" అన్నాను.

బల్ల చుట్టూ ఉన్న పద్నాలుగు తలలూ నా వైపు తిరిగాయి. ఎవరూ అనని మాటను అనువాదకుడు అనడం నియమావళిలో లేదు.

"అది ఎవరి మాట?" అని అడిగారు అవతలి కార్యదర్శి గారు.

మా మంత్రిగారు నా వైపే చూస్తున్నారు. నాకు పదకొండేళ్ల సర్వీసుంది.

"ఎవరిదీ కాదు సార్" అన్నాను.

కానీ మా మంత్రిగారు మాట పోనిచ్చే మనిషి కాదు. అనుబంధంలో ఒక పేరా చేర్పించారు. రెండు ప్రాంతాల స్నేహానికి గుర్తుగా ఇన్నాళ్లూ నిలిచిన బల్లకట్టును ఉమ్మడి వారసత్వ సంపదగా గుర్తించి, చెరి సగం తీసుకుని, ఎవరి రాజధానిలో వాళ్లు మ్యూజియంలో పెట్టుకోవాలి.

పోలీసులు ఆ ఒక్క రోజుకు తాడు వదిలారు. బావ ఆఖరిసారి బల్లకట్టు లాక్కుంటూ మా గట్టుకు వచ్చాడు. దాని మీద వాళ్ల ఇంజనీరు కొలత టేపుతో, ఒక వడ్రంగి రంపంతో ఉన్నారు. మా ఇంజనీరు ఇక్కడ సిద్ధంగా ఉన్నాడు. చెక్కలు పదిహేడు తేలాయి. పదిహేడో చెక్క ఎవరిదన్న దాని మీద మధ్యాహ్నం దాకా మాటలు నడిచాయి. చివరికి దాన్ని నిలువునా చీల్చారు. బావ గట్టు మీద గొంతుక్కూర్చుని చూస్తూ ఉన్నాడు. రంపం ఆగినప్పుడల్లా లేచి నిలబడేవాడు. మళ్లీ మొదలవగానే కూర్చునేవాడు.

పని అయ్యాక మంత్రిగారు బావకు అద్దం కట్టించిన ప్రశంసాపత్రం ఇచ్చారు. ఫోటోలు తీశారు. వాళ్ల సగాన్ని లారీలో ఎక్కించి చుట్టుదారిన పంపించారు. అందరూ కార్లెక్కి వెళ్లిపోయాక, బావ ఈ గట్టున ఉండిపోయాడన్న సంగతి ఎవరికీ తట్టలేదు. దాటించడానికి ఏరు మీద ఏమీ లేదు.

ఇంటికి తీసుకొచ్చాను. అమ్మ ఆయన వెనకాల గుమ్మం వైపు చాలాసేపు చూసింది. అక్క రాలేదని అర్థమయ్యాక, "ఎలా ఉంది దానికి? తగ్గిందా?" అని అడిగింది. ఏం అడుగుతోందో అర్థంకాక బావ తలూపాడు. అమ్మ హమ్మయ్య అనుకుంది.

బావ ప్రశంసాపత్రాన్ని ఒళ్లో పెట్టుకుని చదువుకున్నాడు.

"బావమరిదీ, 'స్నేహ సారథి' అంటే ఏంటి?"

"సారథి అంటే నడిపేవాడు బావా."

"దేన్ని?"

నేను మంచినీళ్లు తేవడానికి లోపలికి వెళ్లాను. తెచ్చేసరికి ఆయన చెప్పులు తొడుక్కుంటున్నాడు. "రైలుకు రెండు రోజులు పడుతుందట కదా. మీ అక్క ఒక్కతే ఉంటుంది" అన్నాడు. ప్రశంసాపత్రం చంకలో పెట్టుకున్నాడు. వీధి మలుపు దగ్గర ఆగి వెనక్కి చూసి, "నువ్వు రాసేదంతా పేపర్లో పడుతుందిగా?" అని అడిగాడు.

"పడుతుంది బావా."

"అయితే నన్ను రాయకు" అని వెళ్లిపోయాడు.

ఒప్పందం అమల్లోకి వచ్చింది. ఏరు దాటదలచుకున్నవాళ్లు 'స్నేహ అనుమతి' కోసం దరఖాస్తు పెట్టుకోవచ్చు. అది మంజూరైతే ప్రభుత్వ పడవలో దాటిస్తారు. పడవకు టెండర్ పిలిచారు కూడా. చుట్టూ తిరిగి రైల్లో రావడానికి చేతిలో డబ్బు లేక అక్క మొదటి రోజే దరఖాస్తు పెట్టింది. ఆ దరఖాస్తు మూడు నెలలకు తిరిగొచ్చింది. అక్క ఫోన్‌లో చదివి వినిపించింది.

"ఐదో గడి: అవతలి గట్టున ఎవరితో స్నేహం? నేను 'మా అమ్మతో' అని రాశాను. దాని మీద ఎర్రసిరాతో కొట్టేసి రాశారు. 'అమ్మ స్నేహం కిందికి రాదు. బంధుత్వం మా శాఖ పరిధిలో లేదు.' ఏంట్రా ఇది?"

"నిజమే అక్కా. బంధుత్వానికి వేరే శాఖ ఉండాలి."

"ఉందా?"

"ప్రతిపాదనలో ఉంది."

"అయితే ఎవరైనా స్నేహితురాలి పేరు రాస్తా. మీ పక్కింటామె ఉందిగా."

"ఎనిమిదో గడి చూడక్కా. స్నేహానికి రుజువులు జతపరచాలి. ఒప్పందానికి ముందు స్నేహం చెల్లదు, అది అనధికారం. తరవాత స్నేహం కావాలంటే..."

"కావాలంటే?"

"ఏరు దాటి ఉండాలి."

అక్క నవ్వింది. చాలాసేపు నవ్వింది. ఆ నవ్వు ఎక్కడ ఆగి ఏడుపు ఎక్కడ మొదలైందో ఫోన్‌లో నాకు సరిగ్గా తెలియలేదు.

ఏడాది గడిచింది. వార్షిక నివేదిక తయారైంది. ఏడాదిలో రెండు వైపుల ప్రతినిధి వర్గాలు కలిపి పదకొండుసార్లు హెలికాప్టర్లో దాటాయి. సున్నా నుంచి పదకొండు! వృద్ధి ఎంత శాతమో లెక్క కట్టబోతే కంప్యూటర్ మొరాయించింది. సున్నాతో భాగించడం దానికి చేతకాదట. 'లెక్కకు అందని వృద్ధి' అని రాయమన్నారు కార్యదర్శి గారు.

"నివేదిక మీద ఒక మంచి బొమ్మ పడాలి" అన్నారు మంత్రిగారు. "ఏటికి అటూ ఇటూ ఉన్న ఒక కుటుంబం. భాగస్వామ్యం వల్ల ఒక్కటైనట్టు కనబడాలి. ఎవరైనా ఉన్నారా?"

కార్యదర్శి గారు నా వైపు చూశారు. ఈసారి నేను చూడటానికి ఏరు లేదు.

"మీ అమ్మగారూ, అక్కగారూ కదా?" అన్నారు మంత్రిగారు. ఆయన నాతో స్వయంగా మాట్లాడటం ఇది రెండోసారి.

"అవును సార్. కలుసుకుని ఏడాది దాటింది. ఒక్క రోజు అక్కను పడవలో..."

"పడవ టెండర్ ఇంకా తేలలేదు కదయ్యా" అన్నారు కార్యదర్శి గారు. "ఇద్దరినీ ఒకచోట చేర్చాల్సిన పనేముంది? మీ అమ్మగారి ఫోటో మనం తీసుకుందాం. మీ అక్కగారి ఫోటో వాళ్లు తీసి పంపుతారు. ఫోటో సెక్షన్‌లో కలిపేస్తారు."

మా ఫోటోగ్రాఫరు ఇంటికొచ్చి అమ్మను కుర్చీలో కూర్చోబెట్టాడు. "కొంచెం పక్కకు చూడండమ్మా, మీ అమ్మాయి వచ్చినట్టు" అన్నాడు. అమ్మకు వినబడలేదు. నేను కాగితం మీద 'అక్క' అని రాసి, ఆ పక్కన నిలబడి పట్టుకున్నాను. అమ్మ చూసింది. ఆ చూపు చూసి ఫోటోగ్రాఫరు ఒక్కసారే మీట నొక్కాడు. రెండోది అవసరం లేదన్నాడు.

అటు నుంచి అక్క ఫోటో వచ్చింది. బాగా చిక్కిపోయింది. ఉమ్మడి సంస్థ వచ్చాక బేకరీ మూసేశారు, ఎక్కడో బట్టలు ఉతికే కార్ఖానాలో చేరింది. ఫోటోలో నిటారుగా నిలబడి, చేతులు రెండూ వెనక్కి పెట్టుకుంది. నవ్వమన్నట్టున్నారు, నవ్వలేదు.

ఫోటో సెక్షన్‌లో ఇద్దరినీ పక్కపక్కన పెట్టారు. నవ్వు సర్దేశారు. ఎంత దగ్గరికి జరిపినా ఆప్యాయత మాత్రం రాలేదు. "కూతురి చెయ్యి తల్లి భుజం మీద పడితే బావుంటుంది" అన్నారు కార్యదర్శి గారు. అక్క చేతులు ఫోటోలో లేవు. మా ఫోటోగ్రాఫరు పాత ఫోటోలన్నీ తిరగేసి, సరిగ్గా సరిపోయే చెయ్యి ఒకటి పట్టుకున్నాడు. మంత్రిగారి చెయ్యి. ఆయన చెయ్యి ఎప్పుడూ ఎవరో ఒకరి భుజం మీద ఉంటుంది కాబట్టి అన్ని కోణాల్లోనూ దొరికింది. చేతిగడియారం చెరిపేశాడు. రెండు గాజులు తొడిగాడు. నున్నగా, తెల్లగా, అమ్మ భుజం మీద ఇట్టే అమరిపోయింది.

బొమ్మకు రెండు ప్రాంతాల్లోనూ గొప్ప పేరొచ్చింది. ఏటికి రెండు గట్లా పెద్దపెద్ద బోర్డుల మీద అతికించారు. అభినందనగా ఒక కాపీ నాకూ ఇచ్చారు. చట్రం కట్టించి ఇంటికి తెచ్చాను. నా మీద నాకే గౌరవం కలిగిందని దాచకుండా చెబుతున్నాను.

అమ్మ కళ్లజోడు పెట్టుకుని దాన్ని వెలుతురుకు తిప్పింది. ముందు తనను చూసుకుంది. తరవాత అక్కను చూసింది. ముఖం ఒక్కసారిగా విప్పారింది. అంతలోనే వాడిపోయింది.

"ఇదెప్పుడొచ్చిందిరా? నేను నిద్రపోతున్నానా? లేపొద్దూ!"

ఆవిడ బొమ్మను ఇంకా దగ్గరికి తీసుకుంది. అక్క చెంప మీద వేలు పెట్టి నిమిరింది. వేలు అక్కణ్ణించి కిందికి జరిగి, బొమ్మలోని తన భుజం మీదికి వచ్చి ఆగింది. అక్కడే చాలాసేపు ఉంది.

"ఈ చెయ్యి దానిది కాదు" అంది.

"ఫోటోల్లో అలాగే కనబడుతుందమ్మా" అని గట్టిగా అరిచాను.

వినబడిందో లేదో. కళ్లజోడు తీసి, బొమ్మను నా చేతికిచ్చేసింది.

"కాదురా. ఇది ఏనాడూ పనిచేసిన చెయ్యి కాదు."